జలధరపురం మీద ఇరుక్కున్న మబ్బు

పూర్వం జలధరపురమనే రాజ్యం ఒకటి ఉండేది. పేరులో జలం ఉంది కదా అని చెంబు పట్టుకుని పరిగెత్తకండి. ఆ రాజ్యంలో ఏరు లేదు, సెలయేరు లేదు, బావుల్లో నీళ్ల కన్నా కప్పలే ఎక్కువ. ఉన్నదల్లా ఒక కొండ, కొండ మీద కోట, కోట బురుజు మీద ఒక రాతి అరుగు. ఏటా ఆషాఢంలో ఒక నల్లమబ్బు వచ్చి కోట మీద ఆగేది. ఆస్థాన విద్వాంసుడు బురుజెక్కి, అరుగు మీద కూర్చుని మద్దెల వాయించేవాడు. మబ్బుకి ఒళ్లు పులకరించి వాన కురిసేది. చెరువులు నిండేవి, ఆ తర్వాత గాదెలు నిండేవి, ఆ తర్వాత పొట్టలు నిండేవి.

నలభై ఏళ్లుగా ఆ అరుగు దుందుభయ్యగారిది. ఆయన పేరులో దుందుభి ఉంది. కాస్త చెవి ఒగ్గి వింటే భయం కూడా ఉంది. ఆ భయమేమిటో ముందు ముందు మీకే తెలుస్తుంది.

దుందుభయ్యగారికి ఒక్కతే శిష్యురాలు. పేరు వకుళ. కోట వంటశాలలో పప్పు రుబ్బే సూరాంబ కూతురు. ఆరేళ్ల వయసులో గిన్నెలన్నీ బోర్లించి వాయిస్తుంటే ఆయన విని, "ఈ పిల్ల గిన్నెలకి నేర్పింది చాలు, ఇక నేను పిల్లకి నేర్పుతాను" అని వెంట తీసుకెళ్లాడు. ఆమె చిన్న చేతిని తన అరచేతిలో పెట్టుకుని మొదటి దెబ్బ తనే వేయించాడు. అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఇక్కడ మద్దెల సంగతి ఒకటి చెప్పాలి. వాయించబోయే ముందు ఎడమవైపు చర్మం మీద తడిపిన గోధుమరవ్వ ముద్ద ఒకటి అద్దుతారు. ఆ ముద్ద వల్లే "ధీం" అనే గంభీరమైన పలుకు వస్తుంది. వాయించడం అయిపోగానే దాన్ని గీకి పారేస్తారు. మర్నాడు మళ్లీ కొత్త రవ్వ, కొత్త ముద్ద. ఏ పూట రవ్వ ఆ పూటకే. ఉప్మా అయినా అంతే అనుకోండి!

కిందటేడు ఆషాఢంలో దుందుభయ్యగారికి జ్వరం వచ్చి, ఆయన బదులు వకుళ బురుజెక్కింది. ఆ రోజు వాన మామూలుగా కురవలేదు. ఒక చినుకు ముందుకి, ఒక చినుకు వెనక్కి, గిర్రున తిరిగి చిటపట చిటపటమని చిందులేసింది. జనం తడుస్తూ కేకలు పెట్టారు. "దుందుభయ్యగారు వాయిస్తే వాన పడుతుంది. వకుళమ్మ వాయిస్తే వాన ఆడుతుంది!" కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్న దుందుభయ్యగారు ఆ కేకలు విన్నాడు.

ఈ ఏడు ఆషాఢం రాగానే ఆయనే వకుళని పిలిచాడు. పనసకర్రతో చేయించిన కొత్త మద్దెల ముందు పెట్టాడు. దాని ఎడమవైపు అప్పటికే ఒక ముద్ద అద్ది ఉంది.

"ఇక అరుగు నీదేనమ్మా" అన్నాడు. "ఈ ముద్దలో నా నలభై ఏళ్ల సాధనంతా మంత్రించి పెట్టాను. అందరి ముద్దల్లా దీన్ని గీకి పారేయకు. ఎన్నాళ్లు ఉంచితే అన్నాళ్లు నా ఆశీర్వాదం నీతో ఉంటుంది."

వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి పాదాలకి నమస్కరించింది. ఆయన ఎప్పటిలా తల మీద చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ శాలువాలో ముడుచుకుని ఉన్నాయి. ఇంత ఉక్కలో శాలువా ఏమిటో అనుకుంది కానీ, పెద్దవాళ్లని అడగకూడదు కదా అని ఊరుకుంది.

ఆ రోజు బురుజెక్కి వాయించింది. "ధీం" అనవలసిన మద్దెల "ధబ్" అంది. మళ్లీ వాయించింది. "ధబ్". వచ్చిన మబ్బు కోట మీద అలాగే ఇరుక్కుపోయింది. కురవదు, కదలదు. వానా లేదు, ఎండా లేదు. ఊళ్లో ఆరవేసిన బట్టలు ఆరలేదు, పట్టిన తుమ్ములు తీరలేదు, అప్పడాలకి అప్పటికప్పుడే బూజు పట్టింది. మళ్లలో నారు పాలిపోయి నేల చూపులు చూసింది. నారు పోతే ఆ ఏడు రాజ్యానికి అన్నం లేదు.

వకుళ పరిస్థితి నారు కన్నా అన్యాయం. రోజూ తెల్లవారుతూనే సాధనకి కూర్చునేది. చేతులు కదిలేవి, మనసు కదిలేది కాదు. ఇదివరకు మద్దెల ముందు కూర్చుంటే కాళ్ల కింది నేలలోంచి ఏదో పైకి పాకి వేళ్ల చివర్లకి వచ్చేది. ఇప్పుడది రావడం లేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుందామన్నా మాట అంగిలికి అంటుకుపోయేది. "నా నాదం నాది కాకుండా పోయిందమ్మా" అని తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

రాజు గజగమనుడు నడకలోనే కాదు, నిర్ణయాల్లోనూ ఏనుగే. బాగా ఆలోచించి, ఇంకా బాగా ఆలోచించి, చివరికి దుందుభయ్యగారిని సలహా అడిగాడు.

"మహారాజా, అమ్మాయి నాదాన్ని మౌనాసురుడు ఎత్తుకుపోయాడు" అన్నాడాయన. "ఊబి దాటి, కొండ దాటి వాడి గుహకి వెళ్లి తనే తెచ్చుకోవాలి. అమావాస్య లోపల తేకపోతే నారు దక్కదు. అందాకా, పాపం, అరుగు సంగతి నేను చూసుకుంటాను."

వకుళ మద్దెల వీపున కట్టుకుంది. సూరాంబ అటుకుల మూట చేతిలో పెట్టింది. దుందుభయ్యగారు ఊరి పొలిమేర దాకా వచ్చి, శాలువాలోంచి చేతులు తియ్యకుండానే, "ముద్ద జాగ్రత్త తల్లీ" అని సాగనంపాడు.

మూడో రోజుకి ఊబి వచ్చింది. నాలుగు అడుగులు వేసేసరికి మోకాళ్ల దాకా దిగబడింది. ఎదురుగా బురదలోంచి గుమ్మటమంత కప్ప ఒకటి పైకి తేలింది.

"ఎక్కడికమ్మాయ్, దిగబడిపోతూ బయల్దేరావు?"

"కప్పతాతా, నన్ను ఒడ్డుకి చేర్చు. నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం నాకేం చేసుకోను? కూర వండుకోనా? నేను ఎగిరి గంతేసి ముప్ఫై ఏళ్లయింది. నన్ను ఎగిరేలా చెయ్యి. నా వీపు మీద కూర్చోబెట్టుకుని ఒక్క గంతులో దాటిస్తా."

అప్పటికే నడుం దాకా దిగబడిన వకుళ మద్దెల ఎత్తి పట్టుకుని వాయించింది. "ధబ్. ధబ్."

కప్ప మొహం చిట్లించింది. "అది మద్దెలా, మొద్దా? తడిసిన గోనెసంచిని బాదినట్టుంది. పైగా అదేమిటి, ఎడమవైపు ఒరిగిపోతోంది? అటువైపు ఏం దాచావేమిటి?"

"అది మా గురువుగారి ఆశీర్వాదం!" అంది వకుళ రోషంగా. ఆ రోషంలో కాలు విసురుగా లాగింది. బురద "తపుక్" అంది. రెండో కాలు లాగింది. "తపుక్ తపాక్". కప్ప చెవులుండే చోట ఏదో కదిలింది. వకుళ ఆ కదలిక చూసింది. ఇంకోసారి లాగింది. తపుక్, తపుక్, తపాక్! కప్ప తనకి తెలియకుండానే ఒక్క ఎగురు ఎగిరింది. మాట ప్రకారం ఆమెని వీపున వేసుకుని ఒడ్డున దింపింది.

"అమ్మాయ్, నీ కాళ్లకి ఉన్న తెలివి నీ చేతులకి లేదు. ఎందుకో చూసుకో" అని బురదలోకి జారిపోయింది.

కొండ మీద నిశ్చలానందముని ఆశ్రమం. ఆయన పేరుకే నిశ్చలుడు. కోపం మాత్రం ఒక్కచోట నిలిచేది కాదు.

"గుహకి దారి చెబుతాను" అన్నాడు. "కానీ మూడు రోజులు ఉదయాన్నే నాకు ఊటనీళ్లు తెచ్చిపెట్టాలి. ఊట దగ్గర చిరుతపులి ఉంటుంది. దాన్ని నువ్వు చూడకపోతే అది నిన్ను చూడదు."

మొదటి రోజు వకుళ కళ్లు నేలకి దించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లింది. చిరుత ఊపిరి మెడ మీద వెచ్చగా తగిలింది. అయినా తల ఎత్తలేదు. తెలివైన పిల్ల కనుక మూడు రోజులకీ సరిపడా పెద్ద కుండ నింపుకొచ్చింది. మర్నాడు కుండ మూత తీస్తే లోపల నీళ్లు లేవు. కుండ ఆకారంలో ఒక బండరాయి ఉంది.

ముని మండిపడ్డాడు. "నిన్నటి నీళ్లు ఇవాళ నా మొహాన పోస్తావా? నా నెత్తి పగలదూ?"

"నేను తెచ్చింది మంచినీళ్లే కదా స్వామీ?"

"నిన్న మంచివే. నిన్నటికి మంచివే. పో, మళ్లీ తీసుకురా."

రెండో రోజూ, మూడో రోజూ చిరుత ఊపిరి కిందనే వెళ్లొచ్చింది. చివరికి ముని శాంతించి రాగిచెంబు ఒకటి ఇచ్చాడు. "దారిలో ఎక్కడ నీరు కనబడితే అక్కడ, ఏ రోజుకారోజు నింపుకో. అదిగో, ఆ నల్లకొండ వెనకే వాడి గుహ."

మౌనాసురుడంటే నోరు విప్పని భయంకరుడని వకుళ ఊహించుకుంది. గుహ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే లోపలినుంచి వాన కన్నా జోరుగా మాటలు కురిశాయి.

"వచ్చావా! రా రా! కూర్చో! అబ్బే, అక్కడ కాదు, అక్కడ తేలుంటుంది. మంచి తేలే, కానీ పరాయివాళ్లంటే సిగ్గు. ఉప్మా తింటావా? నా పేరు మౌనాసురుడు. మా అమ్మ పెట్టిన పేరు. పెట్టిన రోజు నాకింకా మాటలు రాలేదులే. వచ్చాక అమ్మే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఎంతమందొచ్చినా సగంలో పారిపోయేవాళ్లే. నువ్వు అలా కాదట. జన్మంతా కూర్చుని వింటావట!"

ఇంతలో వకుళ వెనక ఒక కొండరాయి దొర్లి గుహద్వారాన్ని మూసేసింది.

"ఎవరు చెప్పారు?" అంది వకుళ. "నేనొచ్చింది నువ్వు దొంగిలించిన నా నాదం తీసుకెళ్లడానికి."

"నేనా? దొంగతనమా? నాదం నాకెందుకు? నా గొంతే నాకు ఎక్కువైపోయింది! చెప్పింది మీ గురువే. మొన్న చైత్రంలో వచ్చాడు. నా పెరట్లో చెట్టుకి ఒక బంక కారుతుంది. అది కలిసిన చోట ఏ శబ్దమూ పలకదు. ఆ బంక కావాలన్నాడు. బదులేమిస్తావన్నాను. మాట వినే పిల్లని పంపిస్తానన్నాడు. ఎలా తేవడమంటే, నువ్వు తేనక్కర్లేదు, మూట కట్టుకుని తనే వస్తుందన్నాడు. ఇదిగో, గుర్తుగా ఉంగరం కూడా ఇచ్చాడు."

ఆ ఉంగరం మీద చిన్న మద్దెల చెక్కి ఉంది. చిన్నప్పుడు తాళం తప్పినప్పుడల్లా ఆమె వేళ్ల కణుపుల మీద మెల్లగా తట్టిన ఉంగరం అది.

వకుళ ఆ ఉంగరాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది. మాట వినే పిల్ల. అవును, విన్నది. ముద్ద గీకవద్దంటే గీకలేదు. మద్దెల ఎందుకు పలకదని నెల్లాళ్లు తన చేతుల్ని తిట్టుకుంది, తన భక్తిని తిట్టుకుంది. ఊబిలో మునిగిపోతూ కూడా ముద్దకి బురద తగలకుండా మద్దెల ఎత్తి పట్టుకుంది. శత్రువు చేస్తే దెబ్బ ఒక్కచోటే తగిలేది. ఈయన చెయ్యి పట్టుకుని నేర్పినవాడు. అందుకని ఇప్పుడు తనకి తెలిసిన ప్రతి తాళంలోనూ, ప్రతి దెబ్బలోనూ ఆ నొప్పి తగులుతోంది. మద్దెలని నేలకేసి కొట్టాలని రెండు చేతులతో పైకెత్తింది కూడా. ఎత్తిన మద్దెల ఎడమవైపుకి ఒరిగింది.

కప్ప మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే కుండలో బండరాయి గుర్తొచ్చింది.

మెల్లగా దించింది. రాక్షసుడి మాటలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ అక్కడే చెవులు మూసుకుని ఉంటారు. వకుళ మాత్రం చెవులు నిక్కబొడుచుకుని వింది.

"... ఆ బంక పిసికితే ఆ చేతులకీ పడుతుందని చెప్పబోయాను. వినకుండా వెళ్లిపోయాడు! రోజూ తాజా తడిరవ్వ పిసుకుతూ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పోతుందని చెప్పబోయాను. అదీ వినలేదు! ముద్దని ఆశీర్వాదం అనుకున్నన్నాళ్లూ అది ఊడదని చెప్పబోయాను..."

"ఊడుతుందా?" అంది వకుళ.

రాక్షసుడు ఆశ్చర్యపోయాడు. "నువ్వు నిజంగానే వింటున్నావే!"

"మౌనాసురా, ఒక పందెం. నేను ఒక్కసారి వాయిస్తాను. నేను ఆపేలోపల నీ నోట్లోంచి ఒక్క మాట బయటికొస్తే జన్మంతా ఇక్కడే ఉంటాను. రాకపోతే నన్ను సాయంత్రంలోగా జలధరపురం చేర్చాలి. ఇవాళే అమావాస్య."

రాక్షసుడు పగలబడి నవ్వాడు. "నువ్వు ఆపేదాకా నేను మాట్లాడకుండా ఆగేదెక్కడ! సరే, కానీ."

వకుళ ముద్ద మీద గోరు పెట్టింది. పన్నెండేళ్ల ప్రేమ ఇంకా చెయ్యి వెనక్కి లాగింది. "ఇది ఆశీర్వాదం కాదు" అని పైకి అంది. ముద్ద పెచ్చుగా ఊడి చేతిలో పడింది. దాని కింద చర్మం పుట్టినప్పటి రంగులోనే ఉంది.

కొత్త ముద్దకి రాక్షసుడి ఉప్మారవ్వ డబ్బాలోంచి గుప్పెడు రవ్వ తీసుకుంది. దాన్ని కన్నీళ్లతో తడిపిందని రాస్తే కథకి బాగానే ఉండేది. కానీ కన్నీళ్లలో ఉప్పుంటుంది, చర్మం పాడవుతుంది. ఆ ఉదయమే నింపుకున్న రాగిచెంబు నీళ్లతోనే తడిపింది. పిసికి, అద్ది, కళ్లు మూసుకుంది.

గురువు నేర్పిన వరస ఏదీ ముందు రాలేదు. కాళ్ల కింది బురద వచ్చింది, తపుక్ తపాక్ అని. మెడ మీద చిరుత ఊపిరి వచ్చింది. కుండలో నీళ్లు దిగే బుడబుడ వచ్చింది. వంటశాలలో అమ్మ తిప్పే రుబ్బురోలు గరగర వచ్చింది. మోసపోయిన మంట ఉండనే ఉంది. అదీ వచ్చింది, అన్నిటికన్నా గట్టిగా వచ్చింది. అప్పుడు మద్దెల అంది, "ధీం!"

ఆ ఒక్క పలుకుతో ఏదో నేలలోంచి పాకి వేళ్లలోకి వచ్చేసింది. వకుళ నవ్వుతూ, ఏడుస్తూ వాయించింది. మౌనాసురుడు "ఓహో" అనబోయి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తాడు, మళ్లీ దించేశాడు. ఆమె ఆపాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

"వినడం ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "పేరు పెట్టిన మా అమ్మ ఉంటే సంతోషించేది. పద తల్లీ, నా భుజమెక్కు."

కొండల మీద అంగలు వేసి, పొద్దు వాలకముందే జలధరపురం పొలిమేరలో ఆమెని దింపి, "నేను ఊళ్లోకి రాను, వస్తే మాట్లాడతాను" అని చెట్ల వెనక కూర్చున్నాడు.

బురుజు మీద దుందుభయ్యగారు వాయిస్తున్నాడు. కింద రాజు, జనం తలలెత్తి చూస్తున్నారు. ఆయన అనుకున్నదేమిటంటే, శిష్యురాలి పీడ వదిలింది, ఇక తను వాయిస్తే మబ్బు కురుస్తుంది, జనం మళ్లీ తన పేరే కేక పెడతారని. కానీ ఆయన చేతుల కింద మద్దెల "ధబ్" అంటోంది. శాలువా జారిపోయింది. అరచేతుల నిండా నల్లటి బంక పొర.

మెట్ల మీద వకుళని చూసి ఆయన చేతులు ఆగిపోయాయి.

"మీ ఉంగరం" అంటూ ఆమె అరుగు మీద పెట్టింది. 

"ఎందుకు చేశారు?" అంది వకుళ.

"భయమేసింది" అన్నాడు ఆయన. "నలభై ఏళ్లలో ఒక్కనాడూ నాకు వాన ఆడలేదు."

 వకుళ కొత్త రవ్వ తడిపి, ముద్ద అద్ది, అరుగు మీద కూర్చుంది. మొదటి పలుక్కి మబ్బు ఉలిక్కిపడింది. రెండో పలుక్కి ఒళ్లు విరుచుకుంది. మూడో పలుక్కి, అన్నాళ్లుగా బిగబట్టిన దుఃఖమంతా ఒక్కసారి వదిలినట్టు, కుండపోతగా కురిసింది. జనం తడిశారు, నారు తడిసింది, ఆరక ఆరక ఎట్టకేలకి ఆరబోతున్న బట్టలు కూడా తడిశాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.

జరిగిందంతా విన్న రాజు కోపంతో ఊగిపోయాడు. "ఈయన్ని కారాగారంలో వేయించమంటావా, రాజ్యం దాటించమంటావా? నువ్వే చెప్పు, ఆస్థాన విద్వాంసురాలా!"

"రెండూ వద్దు మహారాజా" అంది వకుళ. "రేపటినుంచి నేనొక మద్దెల బడి పెడతాను, పిల్లలు చేరతారు. రోజూ పొద్దున్నే ఈయన అందరి మద్దెలలకీ రవ్వ తడిపి ముద్దలు చెయ్యాలి. సాయంత్రం అవన్నీ గీకి పిచ్చుకలకి వెయ్యాలి. ఒక్క ముద్ద కూడా రేపటికి మిగలకూడదు."

అలాగే జరిగింది. కొత్తలో ఆయన రోజూ ముద్దల పళ్లెం ముందు పెట్టి అడిగేవాడు. "నన్ను క్షమించావా అమ్మా?"

"ఇవాళ లేదు" అనేది వకుళ. "రేపటి సంగతి రేపు."

వకుళ అబద్ధం చెప్పలేదు. కొన్ని రోజులు పొద్దున్నే ఆ ఉంగరం గుర్తొచ్చి చేతులు మొద్దుబారేవి. అలాంటి రోజు నిన్నటి వరసల కోసం వెతుక్కునేది కాదు. చెంబు తీసుకుని వెళ్లి కొత్తగా నిండిన చెరువులో నీళ్లు ముంచుకుని, వచ్చి కూర్చునేది. ఏటా ఆషాఢంలో ఆమె బురుజెక్కినప్పుడు చెట్ల వెనక ఒక పెద్ద ఆకారం నోరు మూసుకుని కూర్చునేదని పశువుల కాపరులు చెప్పుకునేవారు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉదయం దుందుభయ్యగారు పళ్లెం పెట్టి ఏమీ అడగలేదు. అడగడం మరిచిపోయాడు. ఏడేళ్ల పిల్ల ఒకతి ముద్ద వంకరగా అద్దుకుంటే, దాని చిన్న చేతిని తన అరచేతిలో పెట్టుకుని సరిగ్గా అద్దడం చూపిస్తున్నాడు. ఆ అరచేతిలో బంక లేదు.

వకుళ చాలాసేపు చూసింది. తర్వాత తన మద్దెల మీద ముద్ద అద్ది ఒక్కసారి మోగించింది.

"ఇవాళ రవ్వ బాగా కుదిరింది" అంది, "గురువుగారూ."

ఆ సాయంత్రం గీకిన ముద్దలు తిన్న పిచ్చుకలు కథని ముక్కున కరుచుకుని ఎగిరిపోయాయి. మీ కిటికీ దగ్గరికి వస్తే కాసిన్ని గింజలు వెయ్యండి. తాజావి.